సున్నా మీటరు

మల్యాల దాటినంక ఎడమచేతి మామిడితోట.
పూత మీద తేనెమంచు పురుగు.
అయిదు మీటర్లకొక పుల్ల పాతుకుంట పోయిన.
పుల్లకొక పసుపుపచ్చ కాగితం, తడి తగిలితే నీలమైతది.
మంచు పడ్డా నీలమే, మందు పడ్డా నీలమే.
నా వేలి తడి సుత అంటొద్దని
చేతులకు తొడుగులేసుకొని
మంచు ఆరేదాక గట్టు మీద కూసోని
గాలిని రాసుకున్న:
ఈశాన్యం నుంచి, సెకనుకు రెండు మీటర్లు.

ఓదేలు రాసుకోలే.
గుప్పెడు దుబ్బ ఎత్తి వదిలిండు.
"కొంరవ్వ మల్బరి దిక్కు పోతున్నది మేడం,
జర ఆగుదమా?"
ట్రాక్టర్ కిరాయి గంటల లెక్క.
తోట పట్టిన సేటు ఫోన్ల గంటలు అడుగుతున్నడు.
ఆగలే.

గన్ను లేచింది.
చెట్టు నెత్తి మీద తెల్లగ ఒక గొడుగు తెరుచుకున్నది.
పెద్ద చుక్కలు మొదట్లనే రాలినయి.
సన్నయి తమ బరువు మరిచి
గట్టు దాటినయి,
పాసుబుక్కు చదువరానియి.

రాత్రి లెక్కకు కూసున్న.
అయిదు కాడ నాలుగు వందల చుక్కలు,
ఇరవై కాడ అరవై,
యాభై కాడ మూడు.
తెర మీద గీత దిగుకుంట దిగుకుంట
సున్నా దిక్కు వంగి, సున్నాను ముట్టకుంట
అట్లనే పోతున్నది.
ఆ మూడు చుక్కల అవతల రేకుల షెడ్డుల
నాలుగో జ్వరం లేచిన పట్టుపురుగులు
ఆకుకు తలలెత్తినయి.

పొద్దుటి ముచ్చట ఒకటి చెప్పుడు మరిచిన.
"అయిదు కాన్నుంచే ఎందుకు మేడం మొదలు?
సున్నా కాడ నేను లేనా?"
నవ్వుకుంటనే అడిగిండు.
అంగీ జేబుకు ఒక కాగితం గుచ్చిన,
బీడికట్ట పక్కన.

అది పూరాగ నీలమైంది.
చుక్కకు చుక్కకు నడుమ పసుపు లేదు.
మిషన్ దాన్ని
ఒక్కటే చుక్క అన్నది.
సారు జూసి, "చెమటకు పాడైంది, తీసెయ్" అన్నరు.
నిజమే, కాగితానికి
చెమటేదో మందేదో తెల్వది.
తీసేసిన. గీత ఇంక నున్నగైంది.
నివేదికల లోకం
అయిదో మీటరు కాన్నుంచి మొదలైంది.

తెల్లారి ఓదేలు అడిగిండు,
"నాకెన్ని చుక్కలచ్చినయి?"
ఒకటి, అన్న.
"ఒక్కటేనా!"
మొఖం తేటపడ్డది.
అంగీ చెయ్యి పైకి మలిచి
మోచేతి దాక డ్రమ్ముల ముంచి
మందు కలుపుతున్నడు.