ఆకుపచ్చ బిళ్ళకి తలుపు

వాల్డీవియాలో వాన ఆగిందంటే
ఊపిరి పీల్చుకోవడానికే.
సైకిళ్ళ కొట్టు మీది గదిలో
రేకుల మోతకి గొంతు పెంచి మాట్లాడుకుంటూ
నేనూ ఎలీసియో
ఒక మరబొమ్మకి మాటలు తయారుచేస్తున్నాం.

మరబొమ్మ అంటే పెద్దగా ఊహించుకోకండి.
సార్డీన్ చేపల డబ్బా, రెండు చక్రాలు,
వెనక ఆసరాగా ఒక గోళీ,
కళ్ళుండాల్సిన చోట దూరం కొలిచే రెండు గుండ్రని మూతలు.
తీగలకి టంకం పెట్టింది ఎలీసియో;
వేలి కొసన కాలిన మచ్చ ఇంకా ఉంది.
నా వంతు తెర.
అక్షరం టైపు చేయక్కర్లేకుండా
పిల్లలు వేలితో లాగి అతికించే రంగు బిళ్ళలు.

'వెళ్ళు' ఆకుపచ్చ. 'తిరుగు' నీలం. 'ఆగు' లేత నారింజ.
ఒకదానికి పన్ను, ఇంకోదానికి గాడి.
పడవలకి పలకలు బిగిస్తూ మా నాన్న అనేవాడు:
కుదరని చెక్క తనే చెబుతుంది, సుత్తితో వాదించకు.
అందుకే నా తెర మీద తప్పు జోడీ
ఎర్రగా అరవదు,
మెల్లిగా పక్కకి జరిగి కూర్చుంటుంది, అంతే.

మొదటి శనివారం ఆరుగురు వచ్చారు.
బెంహమీన్ 'వెళ్ళు' బిళ్ళలు పంతొమ్మిది పేర్చాడు.
డబ్బా గోడని గుద్దుకుని
అక్కడే చక్రాలు తిప్పుకుంటూ ఉండిపోయింది.
మూడు వారాలు కూర్చుని చెక్కిన 'మళ్ళీ మళ్ళీ' బిళ్ళని,
గుండ్రంగా తిరిగే బాణం గుర్తుదాన్ని,
ఒక్కరూ ముట్టుకోలేదు.
రాయేన్, తొమ్మిదేళ్ళది, దాన్ని చూసి
"ఇది చెత్తబుట్టా?" అంది.

మనవణ్ణి దింపడానికి వచ్చిన ఓర్తెన్సియా మామ్మ
నీళ్ళోడుతున్న గొడుగుతోనే
నా భుజం మీదుగా తొంగిచూసింది.
నలభై ఏళ్ళు స్వెట్టర్లు అల్లిన మనిషి.
"రెండు ముందుకి, ఒకటి తిప్పు,
చుక్క నించి చుక్క దాకా మళ్ళీ అదే.
అల్లిక లెక్కే కదమ్మా ఇది!
ఆ చుక్కలు రెండూ కనబడాలి మరి.
ఎక్కడ మొదలో ఎక్కడ తుదో చెప్పకుండా
తిరగమంటే ఎవరు తిరుగుతారు?"
ఆ రాత్రి బాణాన్ని చెరిపేసి
బిళ్ళకి పై దవడ, కింది దవడ పెట్టాను.
మధ్యలో ఏం పెడితే అది నములుతూ ఉంటుంది.
మరుసటి శనివారం అందరూ దానికి తిండి పెట్టినవాళ్ళే.

చెప్పని సంగతి ఒకటుంది.
వెళ్ళమంటే మా డబ్బా తిన్నగా వెళ్ళదు.
ఎడమ మోటారుకి బద్ధకం,
నాలుగడుగులకి జానెడు వంకర.
పిల్లలకెందుకీ గొడవ అని ఆ వారమే
ఆకుపచ్చ బిళ్ళ లోపల, ఎవరికీ అందని చోట,
కుడి చక్రం వేగాన్ని కాస్త కోసి కుట్టేశాను.
కుట్టు కనబడనివ్వకపోవడమే పనితనం అనుకున్నాను.

రాయేన్ పట్టేసింది.
నేల మీద సుద్దగీత గీసి, మోకాళ్ళ మీద కూర్చుని,
"పోయినవారం ఇది వంకరగా వెళ్ళింది.
దానికోసం చిన్న 'తిరుగు' పెట్టడం నేర్చుకున్నాను.
ఇవాళ నా 'తిరుగు' తప్పయింది.
ఎవరు మార్చారు?"

వాన ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుంది.
ఎలీసియో నావైపు చూడకుండా
కింద పడని స్క్రూలు ఏరుతున్నాడు.

బిళ్ళకి తలుపు పెట్టాను.
రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది:
ఎడమ నూరు, కుడి ఎనభై ఏడు.
రాయేన్ తొంభై ఒకటి చేసింది.
ఎనభై చేసింది, డబ్బా తూలుతూ కుర్చీ కిందికి దూరింది.
బయటికి లాగి, గీత మీద పెట్టి,
మళ్ళీ, మళ్ళీ, చివరికి ఎనభై ఆరు.
నాకన్నా ఆ పిల్లదే సరైన లెక్క.

అందరూ వెళ్ళాక దీపం ఆర్పబోతూ చూశాను:
తెర మీద ఓ మూల, దేనికీ అతుక్కోని
లేత నారింజ బిళ్ళ ఒక్కటి.
ఆగు, ఒక సెకను.
దానికి ముందేమీ లేదు, వెనకేమీ లేదు,
డబ్బా దాన్ని ఎప్పటికీ చదవదు.
చెరిపేద్దామని వేలు పెట్టాను.
కింద సైకిళ్ళ కొట్టు షట్టరు దించుతున్నారు.
వేలు అలాగే ఉంచాను.