చల్లన్నం

మూడో మందు ఎక్కించినప్పటి నుంచి
జాబ్రియాలో ఈ ఇంట్లో వాసనలన్నీ దోషులే.
బుఖూర్ కుంపటి మిద్దెమీదికి పోయింది.
మజ్బూస్ గిన్నె మూత
డ్రైవర్ గదిలోనే తీయాలి.
నా తలకి కొబ్బరినూనె లేక ఇరవై రోజులు.

డాక్టరమ్మ చెప్పింది, సగం అరబ్బీలో సగం చేతులతో:
సీసా కట్టకముందే మాత్ర.
వాంతొచ్చాక కాదు.
వేడిది వద్దు. షువయ్యా, షువయ్యా పెట్టు.
ఫోన్లో అలారం పెట్టుకున్నా,
పిల్లోడి ఫీజు తారీఖుకి తప్ప
ఎన్నడూ మోగనిది.

రాత్రి రెండింటికి బకెట్ పట్టుకున్నా.
ఆరేళ్లు ఇస్త్రీ చేశాను ఆమె అబాయాలు,
ఆ వీపు ఇంత సన్నమని తెలీదు.

తెల్లారి వంటింటి మూల
ఎవరికీ కనపడకుండా నేను తినే సద్ది,
మజ్జిగ పోసి, అల్లం దంచేసి పిసుకుతుంటే
వెనక చెప్పుల చప్పుడు.
మామా బదరియా. తలకి గుడ్డ లేదు, వెంట్రుకా లేదు.
"మస్తానా, అదేంటి? వాసన రావట్లేదు."

రాత్రిది నీకు పెట్టను అన్నాను.
పిడికెడు బియ్యం కొత్తగా వండి
గిన్నెని ఐసు ముక్కల మీద కూచోబెట్టి
విసనకర్రలా పళ్లెం ఊపాను.

స్టూలు మీదే కూర్చుంది, నా స్టూలు.
మూడు చెంచాలు.
ఇద్దరం బకెట్ వైపు చూశాం.
ఏసీ ఆగింది, మళ్లీ మొదలైంది.
ఏం రాలేదు.

"షువయ్యా," అంది
గిన్నె ముందుకు జరిపి.