తరుగు

"నూరులోంచి ఏడు తీసెయ్. వచ్చినదాంట్లోంచి మళ్లీ ఏడు."
కర్నూలు పెద్దాస్పత్రిలో డాక్టరమ్మ మొదటిసారి అడిగినప్పుడు
నాకు నవ్వొచ్చింది.
ఆదోని పత్తి యార్డులో కాటా గుమాస్తాని నేను.
తేమకింత, చెత్తకింత, గోనెకింత తరుగు కోసి
రైతు తువ్వాలు దులిపి భుజాన వేసుకునేలోపల
పైసలతో సహా ఒప్పజెప్పేవాణ్ణి.
లెక్కల గిడ్డయ్య చెప్పినాడంటే
ఎవరూ కాగితం అడిగేవాళ్లు కాదు.

తొంభైమూడు, ఎనభైయారు, డెబ్బైతొమ్మిది,
డెబ్బైరెండు, అరవైఐదు...
చాల్లే అనింది ఆయమ్మ.
అప్పుడు నా చిక్కు లెక్కలది కాదు.
వేలంపాట మైకులో నన్నే పాటకు పెట్టినారు,
గిడ్డయ్య కిలో ఇంత, గిడ్డయ్య కిలో ఇంత.
పగలంతా యార్డు మైకు,
రాత్రయితే ఫ్యాను రెక్కలు.

మందులిచ్చినారు. గొంతులు పోయినాయి.
నిజంగానే పోయినాయి, అబద్ధం చెప్పను.
దొంగలు పోతా పోతా చెంబు ఎత్తుకపోయినట్టు
లెక్కను గూడా తీసకపోయినాయి.
లేదంటే మందులే తీసకపోయినాయో,
అంతకు ముందే, ఎవరూ చూడకుండా,
బోరెం అడుగున చిల్లి పడిందో.
అడిగితే "మూడూ కొంచెం కొంచెం" అనింది డాక్టరమ్మ.
ఆ మాట నాకు నచ్చింది.
తరుగు మేమూ అట్లే కోస్తాం.

మూడో ఏడు: తొంభైమూడు, ఎనభైయారు, ఎనభై...
ఆరో ఏడు: తొంభైమూడు.
తర్వాత కిటికీ. కిటికీ అవతల
ఎవరో బత్తాయి తొక్క ఒకే చుట్టుగా తీస్తాండారు.
"బాగా తగ్గింది" అని చీటీ మీద రాసినారు.
తగ్గింది అనే మాట జబ్బుకూ వాడతారు,
తూకానికీ వాడతారు.
కోడుమూరు దాటేదాకా ఉరుకుందమ్మ ఆ చీటీని మడవలేదు.
తగ్గితే మరి యార్డుకు ఎందుకు పోవు అని
అడగనూ లేదు.
అడిగుంటే బాగుండు.

పోయినా ఒకతూరి.
సేటు మంచోడు, కుర్చీ వేయించినాడు.
కాటా మీద నలభైరెండున్నర. చూసినా.
కాగితం మీదికి వచ్చేలోపల అంకె లేదు.
కంటికీ చేతికీ నడుమ మూరెడు దూరం,
అందులో యాడ జారిపోయిందో.
రైతు నా మొఖం చూసినాడు.
కాగితం అడిగినాడు.

వీధికి పిచ్చి అర్థమైతాది.
అరిస్తే తలుపులేసుకుంటారు, అంతే.
ఈ మెల్లదనం అర్థం కాదు.
సోమరి అంటారు, పెండ్లాం కష్టం తింటాడంటారు.
ఉరుకుందమ్మ పొద్దున ఆరుకు జిన్నింగు మిల్లుకు పోతాది,
సాయంత్రం వెంట్రుకల్లో దూది తెచ్చుకుంటాది.
నేను పాలకేంద్రం కాడ నిలబడి
ఎందుకొచ్చినానో చేతిలో గిన్నెను అడుగుతా.

పోయిన ఎండాకాలం ఉగ్గాని నేర్పింది.
బొరుగులు నానెయ్యి, పిండు, తిరగవాత పెట్టు,
ఎర్రగడ్డలు, పసుపు, ఉప్పు, పుట్నాలపొడి.
ఆమెకది ఒక పని.
నాకు ఏడు ఊర్లు, నడుమ బస్సులు లేవు.
మిల్లు నుంచి ఏడు పత్తిగింజలు తెచ్చి
నా ఎడమ జేబులో వేసింది.
ఒక పని అయితే ఒక గింజ కుడి జేబులోకి.
"నువ్వు మర్చిపోతే పో, గింజ మర్చిపోదు."
ఒకరోజు ఉప్పు పడలా.
తిన్నాక చూస్తే జేబుకు చిల్లి.
నవ్వి నవ్వి, కండ్లు తుడుచుకొని,
దీపం కాడ కూర్చొని కుట్టింది.

మొన్న ఆస్పత్రిలో కొత్త డాక్టరు,
మీసం ఇంకా సరిగా రాని పిల్లోడు.
"నూరులోంచి ఏడు తీసెయ్ పెద్దాయనా."
తొంభైమూడు అన్నా.
చెయ్యి జేబులో ఉండాది,
గింజలు వేళ్లకు తగులుతాండాయి.
పాపం, చానాసేపు ఎదురుచూసినాడు.
"ఉగ్గాని చేసేది వస్తాది నాకు" అని చెప్పినా.
ఆయన కాగితంలో దానికి గడి లేదు.
పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టినాడు.

ఎనభైయారు
తిరుగు బస్సులో వచ్చింది, ఎమ్మిగనూరు కాడ.
ఉరుకుందమ్మ నా భుజం మీద నిద్రపోతాండాది.
లేపలేదు.