ఆ కోటలో కారేది కుళాయి కాదు

నా పుస్తకం పేరు పుస్తకం వీపు మీద పట్టలేదు.
'లోకాన్ని జయిద్దామని నిద్ర లేచేసరికి
కోటలో కుళాయి కారుతోంది,
బాగుచేయడానికొచ్చిన అమ్మాయి ఇచ్చిన బిల్లు చూసి
రాక్షసరాజుకి మూర్ఛ వచ్చింది'
ఇదంతా కలిపి ఒకటే పేరు.
కాస్త కుదిద్దామా అంటే ఎడిటర్ మికురియా గారు
ఇంకో ముక్క అతికించారు.
ఈ వ్యాపారంలో పొడుగు పేరే అమ్ముడుపోతుందట.

టొయామా నీటి సరఫరా విభాగం, రెండో అంతస్తు.
పగలు మీటరు రీడింగులు ఎక్కిస్తాను,
రాత్రి పదకొండు దాటాక రాక్షసుల్ని రాస్తాను.
అట్ట మీద ఉన్నది కలం పేరు.
కళ్ళ కింద ఆ నలుపేమిటని ఎవరైనా అడిగితే నీళ్ళు నమిలాను.
మా శాఖలో అది తప్పు కాదు.

ఉద్యోగంలో చేరిన తొలి చలికాలం
నన్ను ఉషిరోగి గారి వెంట పంపారు.
ఆయన చేతిలో మనిషెత్తు ఉక్కు కడ్డీ,
ఒక కొస రోడ్డుకి, ఒక కొస చెవికి.
ఒంటిగంట దాటి, ఊరు గొంతు తగ్గించాక
మట్టిలో చిట్లిన గొట్టాలు మాట్లాడతాయి.
"ఇది మురుగు కాలువ.
ఇది ఎవరిదో ఫ్రిజ్జు.
ఇది నీ గుండె, కాస్త అవతలికి జరుగు.
ఇదిగో, ఇదీ మన నీరు."
ముప్పయ్యేడేళ్ళు ఆయన విన్నది అదే.
మంచు పడుతుంటే నడిరోడ్డు మీద మోకరిల్లి
ఏ దేవుడికో మొక్కుతున్నట్టుండేవారు,
లేచేటప్పుడు మాత్రం మోకాలు పట్టుకుని
ఆ దేవుణ్ణే తిట్టేవారు.

నా రాక్షసరాజుకి కొమ్ములు పెట్టాను,
నేల జీరాడే నల్లటి అంగీ తొడిగాను,
సింహాసనం కింద పుర్రెలు పేర్చాను.
అయినా కుళాయి చప్పుడు వెతుక్కుంటూ
నేలకి చెవి ఆనించగానే
వాడు ఉషిరోగి గారైపోయాడు.
ఏం చేయను.

పదో సంపుటానికి బొమ్మలు కదిలాయి.
టోక్యోలో రికార్డింగు.
గాజు గదిలో, గరగరలాడని బట్టలు వేసుకుని
రాక్షసరాజు గొంతు నిలబడింది. హచియా గారు.
"నీళ్ళ బిల్లా?" అన్న ఒక్క మాట పద్నాలుగు సార్లు చెప్పారు,
ప్రతిసారీ ఇంకొంచెం నీరుగారిపోతూ.
ఇవతల మేమంతా నోటికి చేతులడ్డం పెట్టుకున్నాం,
దర్శకురాలి కళ్ళజోడుకి ఆవిరి పట్టింది.
శబ్దాలు చూసే కుర్రాడు ఎనిమిది చుక్కలు తెచ్చాడు:
రేకు మీద పడ్డది, రాతి మీద పడ్డది,
తడి ఉన్ని మీద పడీ పడనట్టు పడ్డది...
మూడోది, అన్నాను.
సరిగ్గా వినలేదు. ఆఖరి రైలు టైమవుతోంది.

రాత్రి ఒకటీ ముప్పై అయిదుకి వేశారు.
ఆ వేళ మేలుకునుండేది ప్రేమలో పడ్డవాళ్ళూ,
అప్పుల్లో పడ్డవాళ్ళూ,
ఒంటికి పింఛనొచ్చినా చెవికి రానివాళ్ళూ.

మూడో భాగం అయిన పది నిమిషాలకి ఫోను మోగింది.
ఆఫీసు వదిలాక ఆరేళ్ళలో ఒక్కసారీ చేయని మనిషి.
పలకరింపు లేదు.
"కురామోచీ, ఆ కోటలో కారేది కుళాయి కాదు.
వాషరు పోతే చుక్కకీ చుక్కకీ మధ్య అంత ఎడం ఉండదు.
గోడ వెనక జాయింటు వదులైంది.
ఆ పిల్ల తప్పు చోట రిపేరు చేస్తోంది."

రాసింది నేనని ఎలా తెలిసిందో అడగలేదు.
"అది బొమ్మల కథండీ," అన్నాను.
"తెలుసు. కొమ్ములున్నాయిగా."

కాసేపు ఇద్దరం ఏమీ అనలేదు.
ఆయన వెనక ఏదో సన్నగా రొద.
ఫ్రిజ్జు.

"ఇంకోటి," అన్నారు.
"వాడికి నొప్పి పుట్టే మోకాలు కుడిది కాదు.
ఎడమది."
పెట్టేశారు.

పదకొండో సంపుటం మొదలుపెట్టాను.
ముందు ఆ గోడ పగలగొట్టాలి.
పేరు ఇంకా పొడుగవుతుంది.