గాజులు తీసిన రాత్రి

మా గేదె పేరు గుమ్మడి.
గుమ్మడికాయల డబ్బుతో కొన్నామని
మా హేమ పెట్టిన పేరు.
మా అత్త సన్యాసమ్మ మాత్రం
దాన్ని "ఒలే" అనే పిలుస్తుంది,
నన్నూ అంతే.
ఎవరిని పిలిచిందో తెలియక
ఒక్కోసారి ఇద్దరం తలెత్తుతాం.

పద్మనాభం కొండకి ఇవతల మాకు ఎకరంన్నర.
సగం జీడితోట,
సగం ఏ ఏడు ఏది పండితే అది.
నెలంతా చేతిలో ఆడేవి పాలడబ్బులే.
ఆయన మధురవాడలో
ఏడంతస్తుల మేడ గేటు దగ్గర
రాత్రంతా కుర్చీలో కూర్చుని
ఎవరి కార్లో కాస్తుంటాడు.
మేం ముగ్గురాడవాళ్లం
చూడిగేదెను కాస్తున్నాం.

పొదుగు దిగి వారమైంది.
తోక మొదట్లో గుంట పడిందని
అత్త మంచం సాలలోకి మారింది.
తవుట్లో బెల్లం ఎంత కలపాలో
రోజూ నాకు కొత్తగా చెబుతుంది,
రోజూ నేను కొత్తగా వింటాను.

ఆ రాత్రి
భీమిలి వైపు నించి ఒకటే తడిగాలి.
కరెంటు పోయింది.
హేమ చేతిలో సెల్‌ఫోను లైటు,
అందులో పదహారు శాతం చార్జింగు.
ఉమ్మనీరు పోయి గంటయింది,
బయటికొచ్చింది ఒక్క గిట్టే.
రెండో కాలు లోపలెక్కడో
మడతపడి ఆగిపోయింది.
డాక్టరుగారి ఫోను మోగుతోంది, ఎత్తరు.
ఆయన ఫోను ఎత్తాడు గానీ
"ఎలాగుంది, ఎలాగుంది" తప్ప
ఇంకో మాట రాలేదు పాపం.

అత్త తన చేతులు చూసుకుంది.
నలభై ఏళ్లు పాలు పితికి
కణుపు కణుపుకీ ఉబ్బిన వేళ్లు,
అల్లం కొమ్ముల్లాంటి వేళ్లు.
తరవాత నా చేతులు చూసింది.

దీపాలవేళ తల దువ్వితే ఊరుకోదు.
ఒక్క గాజు చిట్లితే
చీకటిపడేలోగా కొత్తది వేయించే మనిషి.
"గాజులు తియ్యే" అంది.

నేను కదల్లేదు.
తనే నా మణికట్టు పట్టుకుని
సబ్బునీళ్లు పోసి
ఒక్కొక్కటే లాగి
హేమ ఒళ్లో వేసింది.
పన్నెండు.
"నెక్కెట్టుకో గుంటా, పోయాయంటే సంపేస్తాను."

లోపల అంత వేడని ఎవరూ చెప్పలేదు నాకు.
కళ్లతో పనిలేదని కళ్లు మూసుకున్నాను.
నొప్పి వచ్చినప్పుడల్లా
గుమ్మడి నా చెయ్యి నలిపేసింది,
హేమ పుట్టిన రోజున
నేను అత్త చెయ్యి నలిపినట్టే.
"అది ముక్కినప్పుడు నువ్వాగు.
అదాగినప్పుడు నువ్వు కదులు.
గిట్ట గీరుకుంటాది,
అరిసేతిలో దాసుకుని లాగు."
సాలలో వినిపించిందల్లా ఆ గొంతూ
గేదె ఊపిరీ.
మోకాలు దొరికింది.
జారిపోయింది.
మళ్లీ దొరికింది.

ఫోను ఆరిపోయాక పుట్టాడు వాడు,
చీకట్లోకి చీకటి జారినట్టు.
అత్త గడ్డిపరకతో ముక్కు గెలికింది.
తుమ్మాడు.
"పెయ్యా?" అని అడిగింది హేమ.
అత్త తడిమి చూసింది.
"దున్న."
కాసేపు ఎవరం మాట్లాడలేదు.
దున్నపిల్లకు ధర లేదని
పదేళ్ల పిల్లకీ తెలుసు.
గుమ్మడికి తెలియదు,
నాకడం మొదలుపెట్టింది.

తొలిబస్సుకి దిగిన ఆయన
నా బోసిచేతులు చూసి
గుమ్మంలోనే నిలబడిపోయాడు.
"అందరం బాగానే ఉన్నాం" అన్నాను.

చెయ్యి వాచింది, గాజులెక్కలేదు.
మూడు రోజులు అలాగే తిరిగాను,
పాలకేంద్రానికి, కుళాయి దగ్గరికి,
జున్నుపాల గిన్నెతో నాలుగిళ్లకి.
అడగబోయిన ప్రతి నోటికీ
నా వెనకాలే వచ్చి
అత్తే జవాబు చెప్పింది:
"దాని సేతికి పనడ్డాది."