ఎల్ రోయి

వేట నిషేధం రెండు నెలలూ నాకు చేతినిండా పని.
ఫిషింగ్ హార్బర్లో బోట్లన్నీ ఒడ్డున ఆరుతుంటే
ఒక్కోదాని మెడ మీద ఒక్కో పేరు దిద్దుతాను.
గంగమ్మ తల్లి. యెహోవా నిస్సీ. నూకాలమ్మ దయ.
అక్షరానికి పదిహేను రూపాయలు, పొల్లుకి సగం.
ఏ దేవుడైనా నాకు ఎనామిల్ డబ్బా లెక్కే.

ఆమె బోటు తేలేదు. సిల్వర్ బేసిను తెచ్చింది,
అంచు నొక్కుకుపోయి, అడుగున పొలుసులంటుకుని.
"ఎల్ రోయి అని రాయి బాబూ."
రొయ్యా? అన్నాను.
"రొయ్యి కాదు. రోయి."
పక్కన వల కుట్టుకుంటున్న ఎరకయ్య నవ్వాడు,
ఒరోయ్ అని ఎవర్నో పిలిచినట్టుందే అని.
ఆమె నవ్వలేదు, కోప్పడనూ లేదు.
"పిలుపే. ఒక పనిపిల్ల పిలిసిన పిలుపు."

బేసిను బోర్లించి దాని మీద చెయ్యేసి చెప్పింది:
"పరాయి దేశం పిల్ల. అమ్మగారి బాధ పడలేక
కడుపుతో ఎడారిలోకి పారిపోనాది.
ఎక్కడికెల్తన్నావని అడిగినోడు ఒక్కడే.
నన్ను సూసేవోడివి నువ్వు, అని
ఆ పిల్ల దేవుడికే పేరెట్టింది.
ఆయన తన పేరు శానామందికి సెప్పేడు బాబూ,
ఆయనకి పేరెట్టింది మాత్రం ఈ పిల్లే.
ఆ అమ్మగారి పేరు మా జ్ఞానాపురంలో వీధికి ముగ్గురికుంది.
ఈ పిల్ల పేరు ఒక్కరికీ లేదు."

ఎరకయ్య సూది ఆగింది.

"రొయ్యిల షెడ్డులో పదకొండేళ్ళు సేసేను.
నెత్తి మీద మూడు కెమెరాలు.
రొయ్యి ఎక్కడ పోతందో సూస్తాయి,
ఏలు ఎక్కడ తెగిందో సూడవు.
మా ఆయన గెంటీసిన రాత్రి పిల్లోడితో ఈ జెట్టీ మీదే కూకున్నాను.
ఆడు దాహమని ఏడుపు. ఎదురుగా ఇంత సముద్రం.
తెల్లారగట్ట ఐసు ఫ్యాక్టరీ గోడకి కొళాయి కనపడింది.
రాత్రంతా అది అక్కడే ఉంది బాబూ.
నాకే సూపు రాలేదు."

నేను నీలం కలిపాను. పసుపు కావాలంది.
ముందువైపు రాస్తే కొనేవాళ్ళకి కనపడుతుందన్నాను.
"ఎనక్కి రాయి.
ముందున్నది నాను సూసుకుంటాను."

రాశాను. పొల్లు దగ్గర చెయ్యి ఎందుకో ఆగింది.
ముప్పయ్యేళ్ళలో రాసిన పేర్లలో
ఒక్కదానికీ అర్థం అడగలేదు నేను.

యాభై రెండున్నర అయింది. యాభై ఇచ్చి
రెండున్నర ఆయన పేరున వదిలెయ్యమంది.
ఆరకుండానే నెత్తిన పెట్టుకుని
పాత పోస్టాఫీసు వైపు నడిచింది.
మనిషి జనంలో కలిసిపోయింది గానీ
బేసిను వెనక ఆ నాలుగక్షరాలు, తడితడిగా,
ఐసు బళ్ళు దాటి, లారీలు దాటి,
మలుపు తిరిగేదాకా
నా వైపే చూస్తూ వెళ్ళాయి.