మచ్చు

ఎనిమిదింటికల్లా రమ్మన్నారు, పరగడుపున.
బ్రాడీపేట నాలుగో లైను, మేడ మీద ల్యాబు.
మెట్లెక్కుతూ రెండుసార్లు కూర్చున్నా.
మూడోసారి కూర్చుంటే కాలేషా ఏమీ అనకుండా
నా చెప్పులు తన చేతిలోకి తీసుకున్నాడు.

రాహేలు నర్సు మోచేతి మడతలో దూది రుద్ది
"మొదటి శాంపిల్" అంది.
మా యార్డులో దాన్ని మచ్చు అంటారు.
బస్తా పొట్టలో చెయ్యిపెట్టి గుప్పెడు కాయ తీసి
కొనేవాడి ముందు పోస్తారు.
ఆ గుప్పెడు చెప్పిందే బస్తా మాట.

ఇరవై రెండేళ్లుగా చుట్టుగుంట అవతల షెడ్డులో
తొడిమలు తీస్తున్నా, తాలు ఏరుతున్నా.
ఎర్రకాయ ఇటు, తెల్లబడింది అటు.
కళ్లు మూసుకున్నా వేళ్లకు తెలుసు.

వేళ్లకు తెలియనిది చేతిమీదకే వచ్చింది.
అరచేతి గీతల్లో నలుపు. చిగుళ్ల మీద నలుపు.
"ఎండకమ్మే" అన్నారు తోటివాళ్లు.
షెడ్డులో ఎండెక్కడిదని నేనూ అడగలా.

ఉప్పు సంగతయితే ఎవరికీ చెప్పలా.
అర్ధరాత్రి లేచి ఊరగాయ జాడీలో ఊట నాకేదాన్ని.
పిల్లలు బెల్లమ్ముక్క దాచుకున్నట్టు
రాళ్లుప్పు బుగ్గన పెట్టుకుని పడుకునేదాన్ని.

హుసేన్‌బీ పెద్దమ్మా అంతే,
గంజిలో ఉప్పు చాలదని కోడలితో రోజూ తగువు.
మే నెలలో జ్వరమొచ్చింది, వాంతులయ్యాయి,
మూడో రోజు మంచం దిగకుండానే పోయింది.
వడదెబ్బ అన్నారు.
పన్నెండేళ్లు మేమూ వడదెబ్బే అనుకున్నాం.

థైరాయిడ్ బిళ్లల కోసం వెళ్తే డాక్టరమ్మ
నోరు తెరవమంది, అరచెయ్యి తిప్పి చూసింది,
పెద్దమ్మ సంగతి రెండుసార్లు అడిగింది.
రక్తం ఎక్కడికో పంపి, యాంటీబాడీలున్నాయంది.
చీటీ వెనక రెండు చిక్కుడు గింజలు గీసి
వాటి నెత్తిన చిన్న చిన్న టోపీలు పెట్టింది.
"నీ ఒంటి కాపలావాళ్లే ఈ టోపీలను తినేస్తున్నారు."
"ఎందుకమ్మా?"
"పొరబడి."

అది నాకర్థమైంది.
కొత్తగా చేరిన పిల్ల మొదటి వారమంతా అంతే,
నిగనిగలాడే తేజా కాయను తాలనుకుని అటు గిరాటేస్తుంది.
దాన్నయితే మేస్త్రి కేకేస్తాడు.
నా లోపల ఏరేదాన్ని కేకేసేవాడెవడు?

తర్వాత సూది మందు.
"తలకాయ నుంచి ఆ టోపీలకు రోజూ ఓ కబురు పోతుంది.
ఇదీ అదే కబురు, కాస్త గట్టిగా" అంది రాహేలు.
అంటే పిలిచి చూడటమన్నమాట.
తెల్లారుజామున లారీ వచ్చిందని కేకేస్తేనే
దుప్పటి తీసి లేచే హమాలీలెందరో తెలిసేది.
పడుకున్నప్పుడు అందరూ బలంగానే కనపడతారు.

ఎనిమిదిన్నర. రెండో మచ్చు.
కాలేషా కింద ఇడ్లీ బండి దాకా వెళ్లి
ఏమీ తినకుండా తిరిగొచ్చాడు. మూతి చూశా, పొడిగా ఉంది.
తొమ్మిది. మూడోది.
మోచేతిలో నరం దొరక్క మణికట్టు దగ్గర గుచ్చింది.
మచ్చు చూసి క్వింటా ధర చెప్పగలను గానీ
ఆ మూడు సీసాలు చూసి ఏమీ చెప్పలేకపోయా.
మూడూ ఒకటే ఎరుపు.

మర్నాడు సాయంత్రం కాగితం వచ్చింది.
మొదటి అంకె బాగానే ఉందట.
రెండోది కాస్త లేచింది. మూడోది అక్కడే కూర్చుంది.
"పూర్తిగా పోలేదు. ముందే పట్టుకున్నాం" అంది డాక్టరమ్మ.
పొద్దున ఓ బిళ్ల, మధ్యాహ్నం సగం.
జ్వరమొస్తే రెట్టింపు. వాంతులైతే
తెల్లారనీ అనుకోకుండా ఆస్పత్రికి.
చీటీ ఒకటి ఎప్పుడూ పర్సులో.

ఇంటికొచ్చాక కాలేషా ఉప్పు డబ్బా తెచ్చి ముందు పెట్టాడు.
"ఊరికే తరుగుతుందా ఇది? నాకు తెలుసులే" అన్నాడు.
తెలిసీ నింపుతూ వచ్చాడన్నమాట.

రాత్రి వదినకు ఫోన్ చేశా, పెద్దమ్మ కోడలికి.
గంజి మాట ఇద్దరం ఎత్తలేదు.
పెట్టేసే ముందు అన్నా,
నీ పెద్దదాని అరచేతులు
ఒకసారి వెలుతుర్లో చూడు.